మొలతాడు

తలుపు మీద చరుస్తూ వ్యాను అమ్మాడు బ్రూనో తాత.
"నలుగురు పిల్లల్ని పెంచానమ్మా ఇందులో,
ఒక్కరికి గీత పడలేదు."
పాత టరాగో. ముప్పై ఏళ్లది. చవక.
సంతకం పెట్టాను.
ఆయన అదృష్టం మాత్రం
రిజిస్ట్రేషన్ కాగితాల్లో నా పేరుకి మారలేదు.

షెపర్టన్‌లో పిల్లల సీట్లు బిగించే గ్వెన్
మోకాళ్ల కింద గోనె మడిచి వేసుకుని లోపలికి దూరింది.
చేతిలో టార్చి, నోట్లో పెన్సిలు.
కార్పెట్ ఎత్తితే బోల్టుల పక్కన
టాఫీ కాగితం ఒకటి, చీమలు కూడా వదిలేసినది.
మధ్య వరస రెండు సీట్లకీ
భుజం మీంచి పైటలా దిగే బెల్టుంది.
లాగి వదిలింది. నత్తలా వెనక్కి వెళ్లింది.
"ఇవి మార్చాలి."
మార్పించాను, రెండు వారాల జీతం పోసి.
వెనక బెంచీకి నడుం దగ్గర ఒక్క పట్టీ.
దాన్ని వేలికి చుట్టుకుని తల అడ్డంగా ఊపింది గ్వెన్.
నాకు ఇంగ్లీషు అక్కర్లేకపోయింది.
అది వట్టి మొలతాడు.
దిష్టికి సరిపోతుంది,
బ్రేకుకి సరిపోదు.

సీట్లు రెండు. బడి నుంచి తేవలసిన పిల్లలు ముగ్గురు.
నా మేదిని, నా శౌరి, ఎదురింటి ఇలియాస్.
అందుకని రెండు ట్రిప్పులు.
వంతెన దాటి మూరూప్నాలో ఇద్దర్నీ ఇలియాస్ వాళ్ల బీబీకి అప్పజెప్పి
మళ్లీ వెనక్కి, వాడొక్కడి కోసం.

పండ్ల షెడ్డులో నవ్వారు.
"పది నిమిషాల దారికి ఇంత పెట్రోలా?"
నేనూ స్కూటరు ముందు నిలబడి గాలి మింగినదాన్నే.
బతికి బట్టకట్టాను కాబట్టి చెప్పుకుంటున్నాను.
కట్టనివాళ్లు
చెప్పుకోడానికి రారు.

మేదినికి ఏడేళ్లు. బెల్టుని చంక కింద దూర్చేస్తుంది,
మెడ దురదట.
నేను తీసి భుజం మీద వేస్తాను. తను దూరుస్తుంది. నేను తీస్తాను.
కింది పట్టీ పొట్ట మీదికి పాకితే
తుంటి ఎముకల మీదికి దించుతాను.
శౌరి బూస్టరు మీద రాజులా కూచుని
నా మీద తీర్పులు చెబుతాడు.

ఆ మార్చి సాయంత్రం వాన.
షెడ్డులో ఇచ్చిన బేరిపండ్ల సంచిని
వెనక బెంచీ మీద పెట్టాను.
"పాపం, దానికీ" అంటూ శౌరి వెళ్లి
మొలతాడు కట్టి వచ్చాడు.
గట్టిగానే కట్టాడు.

వంతెన మీద
ముందు ట్రక్కు ఎర్ర దీపాలు
ఉన్నట్టుండి ముఖం మీదికొచ్చాయి.
కాలు తనంత తానే తొక్కేసింది.

వ్యాను ఆగింది.
సంచి ఆగలేదు.
నడుం దగ్గర మడతపడి, పట్టీ కిందనుంచి జారి,
పిల్లలిద్దరి మధ్యనుంచి దూసుకొచ్చి
గేరు రాడ్డు దగ్గర పగిలింది.
అద్దం నిండా గుజ్జు.
వెనక పట్టీ పెట్టింది పెట్టినట్టే ఉంది,
ఖాళీని భద్రంగా పట్టుకుని.

మేదిని మెడ ఎముక మీద వేలెడు ఎర్ర చార.
ఏడవలేదు. బెల్టు ముట్టుకుని చూసుకుంది.
ఆ రోజు నుంచి చంక సంగతి ఎత్తలేదు,
నేనూ ఎత్తలేదు.

రెండో ట్రిప్పులో ఇలియాస్ ఎక్కాడు.
వాసన పీల్చాడు. "జామ్ చేశారా ఆంటీ?"
సీటు కిందనుంచి చితికిన పండొకటి తీసి
వెనక బెంచీ వంక చూశాడు. పండు వంక చూశాడు.
తొమ్మిదేళ్లవాడికి లెక్కలు వచ్చు.
"నేను అక్కడే కూచుంటానని రోజూ అడిగేవాణ్ణి కదా" అన్నాడు.

నేను తాళం చెవి పట్టుకుని కూచున్నాను.
"పెట్టుకో" అన్నాను.
టక్.
"మళ్లీ పెట్టు. వినపడలేదు."
వినపడింది.
టక్.